వార్తల్లో పదం: క్యూ-ప్లేట్
మామూలు లేజర్‌ను గోడ మీదికి వేస్తే నిండైన చుక్క పడుతుంది. దారిలో క్యూ-ప్లేట్ పెడితే అదే చుక్క నడుమ చీకటితో గారెలా మారుతుంది. ఇలా కావాల్సిన తీరులో మలిచిన కాంతే ‘స్ట్రక్చర్డ్ లైట్’. 2006లో ఇటలీలోని నేపుల్స్‌లో లొరెంజో మరూచీ బృందం ప్రతిపాదించిన ఈ పలకలో ఉండేది రెండు గాజు బిళ్లల మధ్య మైక్రాన్ల మందాన లిక్విడ్ క్రిస్టల్ పొర, అంతే. కిటుకంతా అణువుల అమరికలో ఉంది. కేంద్రం చుట్టూ తిరిగేకొద్దీ వాటి దిశ మారుతుంటుంది. దాంతో వృత్తాకార ధ్రువణ కాంతి ఒక్కోచోట ఒక్కో దశ(ఫేజ్)తో బయటికొచ్చి, మెలిక తిరుగుతూ సాగుతుంది. వోల్టేజితో ఈ పలకను సవరించుకోవచ్చు కూడా. ఈ దశ మార్పు వెనకున్న సూత్రాన్ని 1956లోనే బెంగళూరులో ఎస్.పంచరత్నం చెప్పారు. అప్పటికాయనకు పాతికేళ్లు లేవు! మెలిక కాంతితో ఇప్పుడు సూక్ష్మకణాలను పట్టి తిప్పుతున్నారు. ఒకే ఫైబర్‌లో మరింత సమాచారం పంపే ప్రయోగాలూ సాగుతున్నాయి.