హెచ్, జె, కె, ఎల్

కీబోర్డు మీద నాలుగు బాణం కీలు ఉన్నా వాటి జోలికి పోని ప్రోగ్రామర్లు ఇప్పటికీ బోలెడంత మంది. కర్సర్ ఎడమకు జరగాలంటే హెచ్ నొక్కుతారు, కిందికి జె, పైకి కె, కుడికి ఎల్. వాళ్లు వాడేది విమ్ అనే ఎడిటర్. ఎందుకలా అంటే, చెయ్యి కదపక్కర్లేదు కదా అంటారు. నిజమే కానీ, అసలు కారణం 1976 నాటి ఒక టెర్మినల్.

దాని పేరు ఎడిఎమ్-3ఎ, తయారుచేసింది లియర్ సీగ్లర్ కంపెనీ. సొంత తెలివంటూ ఏమీ లేదు. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్ పంపిన అక్షరాలను వరసకు 80 చొప్పున 24 వరసల్లో చూపిస్తుందంతే. బాణాలకు వేరే కీలు లేక, వాటిని హెచ్, జె, కె, ఎల్ కీల మీదే అచ్చువేశారు. ఆ నాలుగే ఎందుకంటే, అక్షరాలకు సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో కంట్రోల్-హెచ్ ఒక గడి వెనక్కి, కంట్రోల్-జె కింది వరసకు అని అప్పటికే ఖాయమై ఉంది. ఎస్కేప్ కీ ఇప్పుడు ట్యాబ్ ఉన్న చోట, చిటికెన వేలి పక్కనే ఉండేది.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న బిల్ జాయ్, విమ్‌కు మూలమైన విఐ ఎడిటర్‌ను రాసింది ఈ టెర్మినల్ ముందు కూర్చునే. అంతకుముందు యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్నది కెన్ థాంప్సన్ రాసిన ఈడీ అనే ఎడిటర్. తప్పు చేస్తే ఒక ప్రశ్నార్థకం వేసి ఊరుకునేది, కారణం చెప్పేది కాదు. లండన్ క్వీన్ మేరీ కాలేజీ నుంచి వచ్చిన జార్జ్ కులూరిస్ దాన్ని కాస్త మనుషులు వాడేలా మార్చి తెచ్చాడు. జాయ్, అతనితో కలిసి పనిచేసిన చక్ హేలీ అక్కడినుంచి అందుకున్నారు.

జాయ్ ఇంటి నుంచి పనిచేసింది 300 బాడ్ మోడెమ్ మీద. అంటే సెకనుకు 30 అక్షరాలు. తెర మొత్తం నిండాలంటే నిమిషం దాటుతుంది. అందుకే విఐ ఆదేశాలు అంత పొట్టివి. డి అంటే చెరుపు, డబ్ల్యు అంటే పదం. రెండూ కలిపి కొడితే పదం పోతుంది. 3డిడి అంటే మూడు వరసలు మాయం. అక్షరాలే ఆదేశాలయ్యాక రాయడానికి వేరే దశ కావాలి కాబట్టి, ఐ కొట్టి లోపలికి వెళ్లాలి, ఎస్కేప్ కొట్టి బయటికి రావాలి. ఇది తెలియక చిక్కుకున్నవాళ్లకు లెక్కలేదు. విమ్‌ను మూసేదెలా అన్న ప్రశ్నను ప్రోగ్రామర్ల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2017 నాటికే పది లక్షల సార్లకు పైగా చూశారు.

విమ్ విఐకి వారసుడు. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1988లో అమిగా కంప్యూటర్ మీద మొదలుపెట్టి, 1991లో జనానికిచ్చాడు. డబ్బు ఇవ్వాలనిపిస్తే ఉగాండాలోని పిల్లలకు ఇవ్వండన్నాడు. 2023లో కన్నుమూశాడు.

ఆ టెర్మినల్ వచ్చిన 1976లోనే ఎంఐటీలో ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్ పుట్టింది. దాంట్లో దశల గొడవ లేదు, కంట్రోల్ కీనో మెటా కీనో అదిమిపట్టి ఇంకో కీ నొక్కాలి. ఈమాక్స్ లోకంలోని లిస్ప్ యంత్రాల (లిస్ప్ భాష కోసం చేసిన కంప్యూటర్ల) కీబోర్డుల్లో కంట్రోల్ స్పేస్‌బార్ పక్కనే, బొటనవేలి కింద ఉండేది. ఏది మేలన్న వాదన దశాబ్దాలుగా నడుస్తోంది. నన్నడిగితే ఇది ఎడిటర్ల తగాదా కానే కాదు, పోయిన కీబోర్డుల తగాదా.

తర్వాత వచ్చిన పీసీ కీబోర్డులు ఎస్కేప్‌ను పై మూలకు, కంట్రోల్‌ను కింది మూలకు తోసేశాయి. ఈమాక్స్ వాళ్లకు చిటికెన వేలు నొప్పి మొదలైంది. విమ్ వాళ్లకు చెయ్యి చాచక తప్పలేదు. దాంతో ఇద్దరి కన్నూ 'ఏ' అక్షరం కీ పక్కనే ఊరికే పడున్న క్యాప్స్‌లాక్ మీద పడింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒకరు దాన్ని ఎస్కేప్‌గా మార్చుకుంటారు, ఇంకొకరు కంట్రోల్‌గా.