సైన్యమున చేరు యువకుడు - పూర్వవృత్తాంత పత్రము

వర్షాధారపు వేరుసెనగను నమ్ముకొన్న గుత్తి ప్రాంతపు పల్లెలలో సైనికోద్యోగము కుటుంబమునకు గొప్ప ఆసరా. 2022లో ప్రారంభమైన అగ్నిపథ్ పథకము క్రింద అనంతపురము జిల్లా యువకులు గుంటూరు సైనిక నియామక కార్యాలయము ద్వారా ఎంపికకు పోవుచున్నారు. పరుగునకు, వైద్యపరీక్షకు వారు ముందుగనే సిద్ధపడుదురు. పూర్వవృత్తాంత పత్రమునకు కూడ అట్లే సిద్ధపడవలెను.

ఈ పత్రములో అడుగునవేమి? పేరు, తల్లిదండ్రులు, చదువు, గడచిన ఐదేండ్లలో ఏడాదికి మించి నివసించిన ఊళ్లు, అరెస్టులు, కేసులు, శిక్షలు. వ్రాసిన దానిని పోలీసులు విచారింతురు. ఆయుధములను, రహస్యములను అప్పగించుటకు ముందు మనిషి నమ్మదగినవాడా యని తెలిసికొనుటయే దీని ఉద్దేశము.

ఇందు రెండు ప్రశ్నలు మన పల్లెలకు చిక్కు తెచ్చును. మొదటిది నివాసము. కరువునాట కూలికై బెంగుళూరు పోయి రెండేండ్లున్నచో, అది సొంత ఊరు కాదని వదలివేయరాదు. రెండవది కేసు. గట్టు తగాదాలోనో, జాతర గొడవలోనో పేరెక్కిన కుర్రవాడు, కోర్టు కేసు కొట్టివేసినను, దానిని దాచరాదు.

దాచినచో నష్టమెంత? సైన్యమున చేరునపుడు నియామక పత్రములోని ప్రశ్నకు బుద్ధిపూర్వకముగా అబద్ధము చెప్పినవానికి 1950 నాటి సైనిక చట్టము 44వ సెక్షను ప్రకారము ఐదేండ్ల వరకు జైలుశిక్ష విధింపవచ్చును. ప్రభుత్వోద్యోగముల విషయమై 2016లో అవతార్ సింగ్ కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, అభ్యర్థి నిజమునే తెలుపవలెననియు, చిన్న తప్పిదమైనచో దాచినను అధికారులు తమ విచక్షణతో మన్నింపవచ్చుననియు పేర్కొన్నది. నిజము చెప్పిననంత మాత్రమున ఉద్యోగము తప్పక వచ్చునని కాదు. పూర్వవృత్తాంతమును పరిశీలించు హక్కు అధికారులకు ఉండనే యున్నది. అయినను చిన్న కేసుకంటె దానిని దాచుటయే యువకునకు పెద్ద కీడు కావచ్చును.

సర్పంచులకును ఇందు బాధ్యత కలదు. ఫొటోతో కూడిన నడవడి ధ్రువపత్రము, అవివాహితుడను ధ్రువపత్రము సైన్యము అడుగును. అవి ఆరు నెలల లోపలివై యుండవలెను. తెలియని సంగతిపై మొగమాటముతో సంతకము చేయుట కుర్రవానికి మేలు కాదు, పంచాయతీకి గౌరవమును కాదు.

కనుక పత్రము నింపుటకు ముందే పెద్దలు యువకుని కూర్చుండబెట్టి, ఉన్న ఊళ్లను తేదీలతో వ్రాయింపవలెను. కేసు ఉన్నచో దాని నంబరును, కోర్టు ఉత్తర్వు నకలును తెప్పింపవలెను. పిమ్మట ఉన్నదున్నట్లు వ్రాయుమని చెప్పవలెను. ఊరి బిడ్డకు పంచాయతీ చేయదగిన సహాయమిదియే.