గూళ్ల ఫ్లాస్ మనకు తెలుసు, పళ్ల ఫ్లాస్ సంగతేంటి?



పోయిన పంట గూళ్లు మార్కెట్‌కు వేసి వచ్చిన రాత్రి, శిడ్లఘట్ట వైపు నుంచి ఒక అన్న మన గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "పళ్లు తోముకుంటా ఉంటే నెత్తురు వస్తా ఉంది. డాక్టరు దగ్గరికి పోతే రోజూ ఫ్లాస్ చేయమన్నాడు. ఫ్లాస్ అంటే మనం గూళ్ల మీద నుంచి పీకి పక్కన పెట్టే పీచు కదా? దాంతో పళ్లకేం పని? నిజంగా పని చేస్తుందా, ఊరికే ఖర్చా?" అని అడిగాడు.

ముందు అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే "మాకూ నెత్తురు వస్తా ఉంది" అని రాశారు. అందుకే ఈ వారం ఆకు, గుడ్లు, రేట్ల సంగతి పక్కన పెట్టి దీని గురించి రాస్తున్నాం.

ఆ అన్న నవ్వులాటకి అన్న మాటలో నిజం ఉంది. పళ్ల ఫ్లాస్ మొదట పట్టుదారమే. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ పట్టణంలో లెవీ స్పియర్ పార్మ్‌లీ అనే పళ్ల డాక్టరు ఉండేవాడు. మైనం పూసిన పట్టుదారాన్ని పళ్ల సందుల్లో ఆడించి శుభ్రం చేసుకోమని ఆయన 1819లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఆ తర్వాత కంపెనీలు పట్టు ఫ్లాస్ తయారుచేసి అమ్మాయి. 1940ల్లో యుద్ధం వల్ల పట్టు దొరకడం కష్టమైంది, దాని జాగాలోకి నైలాన్ వచ్చింది. ఇప్పుడు అంగట్లో డబ్బీలో దొరికేది ఎక్కువగా ఆ నైలాన్ దారమే.

ఇక అసలు ప్రశ్న. అది పని చేస్తుందా?

చాకీ పడకను గుర్తు చేసుకోండి. పైన వేసిన ఆకు పచ్చగా, శుభ్రంగా కనిపిస్తుంది. కింద మిగిలిన ఆకు, పెంట, తడి అలాగే ఉంటాయి. పడక మార్చకపోతే రోగం అక్కడి నుంచే మొదలవుతుంది. పళ్లూ అంతే. బ్రష్ ముందు, వెనక, పైన తోముతుంది. రెండు పళ్లు ఆనుకున్న సందులోకి దాని కుచ్చు పోదు. వేపపుల్లా పోదు. ఆ సందులో పాచి పేరుకుంటుంది. పాచి అంటే సూక్ష్మజీవుల పొర. అది ఉన్నచోట చిగురు ఎర్రబడి, వాచి, ముట్టుకుంటే నెత్తురు వస్తుంది. ఆ దశలో శుభ్రం చేస్తే చిగురు మళ్లీ మామూలవుతుంది. వదిలేస్తే పాచి గట్టిపడి గార అవుతుంది, కొందరిలో చిగురు కింద ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముక తనంతట తాను తిరిగి రాదు. పన్ను కదిలేది అప్పుడే.

అయితే దీని మీద పరిశోధన ఏం చెప్పిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. 2016లో అమెరికాలో పెద్ద గొడవ జరిగింది. అక్కడి ప్రభుత్వ ఆహార మార్గదర్శకాల్లో అంతకుముందు ఉన్న ఫ్లాస్ సలహా కొత్త ప్రతిలో లేదు. రుజువులు బలహీనంగా ఉన్నాయని పత్రికలు రాశాయి. "అయితే ఫ్లాస్ దండగేనా" అని జనం అనుకున్నారు.

వైద్య పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి తూకం వేసే కొక్రేన్ అనే సంస్థ 2019లో 35 ప్రయోగాలను పరిశీలించింది. బ్రష్‌తో పాటు ఫ్లాస్ కూడా చేసినవాళ్లకు చిగుళ్ల వాపు కొంత తగ్గవచ్చని తేలింది. సందుల్లో దూరే చిన్న బ్రష్‌లు ఫ్లాస్ కంటే కొంచెం మేలు కావచ్చనీ తేలింది. కానీ ఆ రుజువు గట్టిది కాదని వాళ్లే చెప్పారు. ప్రయోగాలు చాలావరకు కొద్ది నెలలే జరిగాయి. పుచ్చు రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఫ్లాస్ పుచ్చును ఆపుతుందా లేదా అన్నది వాటితో తేలలేదు.

ఇంకొక సంగతి వినండి. 2006లో వచ్చిన ఒక సమీక్షలో, బడి ఉన్న రోజుల్లో చిన్నపిల్లలకు తెలిసినవాళ్లే దగ్గరుండి ఫ్లాస్ చేస్తే, ఏడాదిన్నర దాటేసరికి సందుల్లో పుచ్చు వచ్చే అవకాశం 40 శాతం తగ్గినట్టు తేలింది. పిల్లలు తమంతట తాము చేసుకున్నచోట ఆ లాభం కనిపించలేదు. అంటే దారం ఒకటే, పనితనంలోనే తేడా. సున్నం చల్లామని చెప్పడం వేరు, చల్లాల్సినట్టు చల్లడం వేరు. మనకు ఇది కొత్త కాదు.

కాబట్టి మేము చెప్పేది ఇది. మొదటి పని రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో బ్రష్ చేయడం, అందులో రాత్రి పడుకునే ముందు తోమడం తప్పనిసరి. రెండోది బీడీ, పొగాకు, వక్క మానడం. బీడీ తాగేవాళ్లకు చిగురు లోపల చెడుతున్నా నెత్తురు పెద్దగా కనిపించదు, అందుకే "నాకేం లేదు" అనుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు తొందరగా ముదురుతుంది, చిగుళ్లు చెడితే షుగర్ అదుపులో ఉండడమూ కష్టం. ఈ రెండు పనుల తర్వాత మూడోది సందులు శుభ్రం చేయడం. రోజుకు ఒక్కసారి చాలు.

చేసే పద్ధతి:

ముందు సబ్బుతో చేతులు బాగా కడుక్కోండి. బ్లీచింగ్ పౌడర్, సున్నం, ఫార్మలిన్ ముట్టిన చేతులు నోట్లో పెట్టకూడదు.

మూరెడు దారం, అంటే సుమారు 45 సెంటీమీటర్లు తీసుకుని రెండు చేతుల నడిమి వేళ్లకు చుట్టండి. సందులోకి మెల్లగా దించండి. రంపంలా లాగితే చిగురు తెగుతుంది. దారాన్ని ఒక పంటికి చుట్టినట్టు ఆనించి, చిగురు అంచు దాకా కిందికీ పైకీ నాలుగైదుసార్లు జరపండి. తర్వాత అదే సందులో పక్క పంటికి అలాగే చేయండి. సందు మారినప్పుడల్లా దారంలో కొత్త భాగం వాడండి.

పళ్ల మధ్య ఖాళీలు పెద్దవైన పెద్దవాళ్లకు దారం కంటే సందుల్లో దూరే చిన్న బ్రష్ సులువు. మందుల షాపులో అడగండి.

మొదటి కొన్ని రోజులు నెత్తురు వస్తే భయపడి మానకండి. చిగురు వాచి ఉంది కాబట్టి వస్తుంది, శుభ్రం అయ్యేకొద్దీ తగ్గుతుంది. రెండు వారాలైనా తగ్గకపోతే, పన్ను కదులుతున్నా, చీము కనిపించినా డాక్టరును చూడండి. గట్టిపడిన గార దారంతో రాదు, క్లీనింగ్ చేయించాల్సిందే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, డెంటల్ కాలేజీల్లో తక్కువ ఖర్చుతో చేస్తారు.

మూడు పనులు మాత్రం చేయకండి. పిన్నీసు, చీపురుపుల్ల, అగ్గిపుల్లతో సందులు పొడవకండి. రీలింగ్ బేసిన్ నుంచి వచ్చిన పచ్చి పట్టుదారాన్ని "ఇదీ పట్టే కదా" అని నోట్లో పెట్టకండి, దాని మీద జిగురు, మురికినీళ్లు ఉంటాయి. కోలారు, చిక్కబళ్లాపురం, కృష్ణగిరి, ధర్మపురి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే పసుపు, గోధుమ మచ్చలు పోవాలని పళ్లను గట్టిగా రుద్దకండి. అవి పాచి కాదు, బ్రష్‌తో గానీ ఫ్లాస్‌తో గానీ పోవు.

మెసేజ్ పెట్టిన అన్నకు మా జవాబు: డాక్టరు చెప్పింది ఊరికే ఖర్చు కాదు. ఒక్క డబ్బీ కొని నెల రోజులు వాడి చూడు అన్నా. నెత్తురు తగ్గిందా లేదా నీ చిగుళ్లే చెబుతాయి. అప్పుడు మళ్లీ ఒక వాయిస్ మెసేజ్ పెట్టు, అందరం వింటాం.

వచ్చే వారం మామూలుగానే ఆకు, గుడ్లు, మార్కెట్ రేట్లతో కలుద్దాం.