మన ఊరి తేనె: ఆచూకీ నుంచి నమ్మకం వరకు

"మన చుట్టుపక్కల తీసిన తేనె ఎక్కడ దొరుకుతుంది?" అని వినియోగదారుడు అడిగితే నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో సమాధానం చెప్పడం తేలిక కాదు. అంగడిలో సీసాలు వరుసగా ఉంటాయి కాని వాటిమీద ఊరి పేరు ఉండదు. రహదారి పక్కన బకెట్టులో తేనెపట్టు పెట్టుకుని అమ్మేవారుంటారు కాని పట్టు కింద ఉన్న ద్రవం ఆ పట్టులోనిదేనన్న హామీ లేదు. ఇంతకీ ఈ మూడు జిల్లాల్లో తేనెటీగలకు గాని, పూతకు గాని కొరత లేదు. తేనె తీసినవారికీ కొనేవారికీ నడుమ నమ్మదగిన సమాచారం మాత్రమే కొరవడింది. ఆ లోటును పూరించడం విస్తరణ సేవల పరిధిలోని పనే.

మూడు జిల్లాలు, మూడు పరిస్థితులు

2016 అక్టోబరు 11 వరకు ఈ ప్రాంతమంతా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. అయినా తేనె విషయంలో మూడింటి స్వభావం వేరు. నాగర్‌కర్నూల్‌కు నల్లమల అడవి ఉంది. కొల్లాపూర్ పరిసరాల్లో మామిడి తోటలున్నాయి. వనపర్తిలో వరి, వేరుశనగ విస్తారంగా సాగవుతాయి. వరి, వేరుశనగ రెండూ ప్రధానంగా స్వపరాగ సంపర్కంతో గింజ కట్టే పంటలు. తేనె దిగుబడికి వీటిపై ఆధారపడలేము. అక్కడ తేనెటీగను పోషించేవి గట్లమీది వేప, కానుగ, చింత, నేరేడు, బీళ్ళలోని సర్కారు తుమ్మ. గద్వాల నడిగడ్డది మరో సమస్య. దానిని ముందు వివరిస్తాము.

నల్లమల తేనె

అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడినది. ఇక్కడి చెంచులకు తేనె సేకరణ తరతరాల వృత్తి. ఎత్తైన చెట్లకు, కొండ చరియలకు పట్టే కొండ తేనెటీగ, అంటే ఎపిస్ డార్సేటా, వారికి ప్రధాన ఆధారం. చరియమీదినుంచి తాడుపై దిగే మనిషి ప్రాణం పైన తాడు పట్టుకున్నవాని చేతిలో ఉంటుంది. అందుకే ఆ బాధ్యతను బావమరిదికి అప్పగించే ఆచారం చెంచుల్లో ఉంది. తోబుట్టువు పసుపు కుంకుమలు కోరే మనిషి తాడు వదలడన్నది అందులోని భావం.

ఇంత ప్రమాదంతో తెచ్చిన తేనెకు తగిన విలువ దక్కడం ముఖ్యం. అటవీ హక్కుల చట్టం, 2006 తేనెను చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, దాని సేకరణ, అమ్మకాలపై అడవి బిడ్డలకు హక్కు కల్పించింది. కేంద్ర ప్రభుత్వం 2020 మే నెలలో అడవి తేనె కనీస మద్దతు ధరను కిలోకు రూ.195 నుంచి రూ.225కు పెంచింది. గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసి 'గిరి' పేరుతో విక్రయిస్తున్నది. అడవి తేనె కోరేవారు మొదట వెతకవలసిన సీసా ఇదే.

నాణ్యత మాత్రం సేకరణ పద్ధతిపై ఆధారపడుతుంది. పట్టు మొత్తాన్ని కోసి చేతితో పిండితే పిల్ల పురుగుల రసం, పుప్పొడి కలిసి తేనె త్వరగా పులుస్తుంది. మైనపు మూతలు పడిన తేనె భాగాన్ని మాత్రమే కోసి, పిల్లలున్న భాగాన్ని వదిలితే తేనె నిలవ ఉంటుంది, ఈగల సంతతీ నిలుస్తుంది. కోసిన భాగాన్ని పిండకుండా గుడ్డపై వడకట్టాలి. మంటకు బదులు పొగను మితంగా వాడాలి.

నడిగడ్డలో జాగ్రత్తలు

కృష్ణా, తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతం హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తికి పేరొందింది. ఇక్కడ ఆడ వరుసల మొగ్గలనుంచి పుంకేసరాలను చేతితో తొలగించి, మరునాటి ఉదయం మగ పూల పుప్పొడిని అద్దుతారు. పరాగ సంపర్కానికి రైతు తేనెటీగను కోరడు; పైగా అది పరాయి పుప్పొడిని తెస్తే విత్తన స్వచ్ఛతకు ముప్పు. పురుగుమందుల పిచికారి ఈగలకు ముప్పు. మేత కోసం తేనెటీగలు 2 నుంచి 3 కిలోమీటర్ల వరకు వెళ్ళగలవు. కనుక సంకరణ కాలంలో విత్తన క్షేత్రాలకు చేరువలో పెట్టెలు ఉంచమని సలహా ఇవ్వడం ఇరువురికీ నష్టం. సంకరణ ముగిసి, పిచికారి ఆగిన తరువాత, వేసవిలో కానుగ, వేప, తుమ్మ పూసే చోట్లకు పెట్టెలను తరలించడమే తగిన మార్గం.

ఇతర పంటల్లో మందు తప్పనిసరైతే పూత దశను తప్పించాలి. లేదా ఈగలు గూటికి చేరిన తరువాత సాయంత్రం పిచికారి చేయాలి. పొద్దుతిరుగుడు సాగు చేసే రైతుకు ఈ జాగ్రత్త వలన గింజ దిగుబడి పెరుగుతుంది కాబట్టి, తేనెటీగల సంరక్షణ గురించి తొలి మాట అతనితోనే మొదలుపెట్టవచ్చు.

పెట్టెల పెంపకానికి పుట్ట తేనెటీగ (ఎపిస్ సెరానా ఇండికా), ఐరోపా తేనెటీగ (ఎపిస్ మెల్లిఫెరా) అనుకూలం. ఏడాదికి ఒక్కో పెట్టెనుంచి మొదటిదానికి సుమారు 6–8 కిలోలు, రెండవదానికి 25–40 కిలోల తేనె లభిస్తుందని అంచనా. ఐరోపా ఈగకు ఎడతెగని పూత కావాలి. పెట్టెలు తరలించలేని చిన్న రైతుకు పుట్ట తేనెటీగే మేలు. పూత లేని కాలంలో ఇచ్చే చక్కెర పాకాన్ని తేనె గది అమర్చకముందే ఆపివేయాలి. లేనిచో పెంపకందారు తెలియకుండానే కల్తీ చేసినవాడవుతాడు.

పరీక్షలు చెప్పేవి, చెప్పనివి

నీటిలో చుక్క వేయడం, వత్తి ముంచి వెలిగించడం, బొటనవేలిపై నిలబెట్టడం వంటి ఇంటి పరీక్షలు చిక్కదనాన్ని, తేమను మాత్రమే సూచిస్తాయి. చిక్కటి పాకం వీటన్నింటిలోనూ నెగ్గుతుంది. గడ్డకట్టడం కల్తీకి గుర్తు కాదు. గ్లూకోజు పాలు ఎక్కువున్న స్వచ్ఛమైన తేనె సహజంగానే గడ్డకడుతుంది.

ప్రయోగశాలకూ చిక్కని కల్తీ ఉంది. చెరకు, మొక్కజొన్న పాకాలను పట్టే కర్బన పరీక్షకు బియ్యపు పాకం దొరకదు. 2020 డిసెంబరులో విజ్ఞాన, పర్యావరణ కేంద్రం 13 బ్రాండ్ల తేనెను జర్మనీలో ఎన్‌ఎంఆర్ పరీక్ష చేయించగా 3 మాత్రమే నెగ్గాయని ప్రకటించింది. ఈ ఫలితాలను పలు కంపెనీలు ఖండించాయి. ఆ వివాదం ఎలా ఉన్నా, పరీక్ష ఒక్కటే నమ్మకాన్ని ఇవ్వలేదన్నది మాత్రం స్పష్టమైంది. తీసినవారు, తీసిన చోటు తెలియడం అంతకంటె బలమైన ఆధారం.

విస్తరణ కార్యాచరణ

పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాలు, మోజెర్ల ఉద్యాన కళాశాల ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. ఇటువంటి సంస్థల శాస్త్రవేత్తలు, విద్యార్థులు చేపట్టదగిన పనులు ఇవి:

• మండలాలవారీగా పూత పట్టిక: ఏ చెట్టు, ఏ పంట, ఏ నెలలో పూస్తుందో రెండేళ్ళపాటు నమోదు చేయాలి.

• పెంపకందారుల, సేకర్తల జాబితా: తేనెటీగల పెంపకందారులను 2021 ఏప్రిల్‌లో ప్రారంభమైన మధుక్రాంతి పోర్టల్‌లో నమోదు చేయించాలి.

• తేమ కొలత: ప్రతి కేంద్రంలో ఒక చేతి రిఫ్రాక్టోమీటరు ఉంచాలి. ఆహార భద్రత ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించరాదు. మించినది పులిసే అవకాశం ఎక్కువ.

• సీసాపై నాలుగు వివరాలు: ఊరు, ఈగ రకం, తీసిన నెల, తేమ శాతం. ఏడాదిలోపు శిశువులకు తేనె పెట్టరాదన్న హెచ్చరిక కూడా ఉండాలి.

ఇవి ఖరీదైన పనులు కావు. వీటివలన చెంచు సేకర్తకు తన కష్టం పేరు సీసాపై కనిపిస్తుంది. రైతుకు పిచికారి వేళ మార్చుకోవడానికి కారణం దొరుకుతుంది. కొనేవానికి అడిగిన ప్రశ్నకు జవాబు లభిస్తుంది. తేనె ఎక్కడిదో చెప్పగలిగిన నాడు, ఆ చోట ఈగ బతికి ఉన్నదో లేదో కూడా మనం చెప్పగలుగుతాము.