కాంక్రీటుకి నరాలొస్తే..!

సర్వర్‌కి కాస్త నలతగా ఉంటే చాలు, నా ఫోన్ మోగుతుంది. అర్ధరాత్రి రెండైనా సరే! నా ఉద్యోగమే అది. మరి రోజూ వేలమంది దాటే వంతెనకి ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్పుకుంటుంది?

2018 ఆగస్టు 14న ఇటలీలోని జెనోవాలో మొరాందీ వంతెన కూలి 43 మంది చనిపోయారు. 1967లో ప్రారంభమైన ఆ వంతెనను మోసే ఉక్కు తీగలు కాంక్రీటు తొడుగు లోపల ఉండేవి. అవి తుప్పు పడుతున్నా పైకి కనిపించవు. ఇలాంటి కట్టడాల లోపలి నొప్పిని బయటికి చెప్పించేందుకు పరిశోధకులు పట్టుకున్న దారుల్లో ఒకటి కార్బన్ నానోట్యూబులు.

జపాన్ శాస్త్రవేత్త సుమియో ఈజిమా 1991లో రాసిన పరిశోధన పత్రంతో ప్రపంచం చూపు వీటి మీద పడింది. మన వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నగా ఉండే కర్బన గొట్టాలివి. మామూలు ఎపాక్సీలో కరెంటు పారదు. దాని బరువులో ఒక శాతంలోపు నానోట్యూబులు కలిపితే పారుతుంది! గొట్టాలన్నీ వలలా అల్లుకుని కరెంటుకి దారి ఇస్తాయన్నమాట.

జాతరలో చేతులు పట్టుకుని నడిచే గుంపును ఊహించుకోండి. అటూ ఇటూ లాగితే చేతులు జారతాయి కదా? ఇక్కడా అంతే. కట్టడం సాగితే గొట్టాల మధ్య ఎడం పెరిగి రెసిస్టెన్స్ పెరుగుతుంది. బరువు తీసేస్తే మళ్లీ తగ్గుతుంది. తగ్గకుండా అలాగే ఉండిపోయిందా? లోపల పగులు వచ్చిందేమోనని అనుమానించాలి. పైగా మామూలు స్ట్రెయిన్ గేజ్ అతికించినచోటే కొలుస్తుంది. దీన్నయితే రంగులా పూసి పెద్ద భాగాన్నే గమనించొచ్చు.

చిక్కేంటంటే, ఎండకీ తేమకీ కూడా ఆ రెసిస్టెన్స్ మారుతుంది. అంటే ఉత్తుత్తి అలర్టులు! వాటి సంగతి నాకు బాగా తెలుసు. ఒకప్పుడు రోజుకి పదుల కొద్దీ వస్తుంటే విసుగొచ్చి మ్యూట్‌లో పెట్టేశా. ఆ రాత్రి వచ్చింది మాత్రం నిజమైనదే. తెల్లారేసరికి సర్వీస్ డౌన్! తిట్లు తిని, రీస్టార్ట్ చేసి బయటపడ్డాం. వంతెనకి రీస్టార్ట్ బటన్ ఉండదుగా.

అందుకే పక్కనే ఉష్ణోగ్రతనీ కొలవాలి, నెలల తరబడి డేటా చూసి ఏది ఎండ, ఏది పగులు అన్నది తేల్చాలి. ఆ కోడ్ రాయాల్సింది మనలాంటోళ్లే. 'సివిల్ వాళ్ల పని, మనకెందుకులే' అనుకునే ఇంజినీరింగ్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ... ప్రాజెక్టు టాపిక్ కోసం వెతుకుతుంటే, ఇదిగో!