గేరు మార్చే చెయ్యి: వెల్లింగ్టన్ ఎత్తుల మీద మాన్యువల్, ఆటోమేటిక్

ఎపిసోడ్‌లో గేర్ల గురించి నేను మాట్లాడింది పది నిమిషాలే. ఆ తర్వాత వచ్చిన వాయిస్ మెసేజీల్లో సగం మందిది ఒకటే ప్రశ్న: "అన్నా, మాన్యువల్ కొనాల్నా, ఆటోమేటిక్ కొనాల్నా?" మిగతా సగం మంది "ఈ రోజుల్ల గేర్ల బండి ఎవడు నడుపుతడే" అని నవ్వారు. ఇద్దరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మైకు ముందు మర్చిపోయినవి, చెప్పడానికి సిగ్గుపడినవి కూడా ఉన్నాయి.

సిగ్గుపడిన దానితోనే మొదలుపెడతా.

వెల్లింగ్టన్‌లో ఖండాల అని ఒక పేట ఉంది. అవును, ముంబై-పుణె దారిలో ఉండే ఖండాల పేరే. ఎత్తు మీద ఉంటుంది. వీధుల పేర్లు చదివితే ఏదో పెద్ద రైల్వే స్టేషన్ బోర్డు ముందు నిలబడ్డట్టే: గంగెస్ రోడ్, మద్రాస్ స్ట్రీట్, ఢిల్లీ క్రెసెంట్, సిమ్లా క్రెసెంట్. అక్కడ ఒక ఇంటి వెనక రిటైనింగ్ వాల్ పని నడుస్తోంది. మా గ్యాంగులో జగిత్యాల తమ్ముడొకడున్నాడు. ఏడేళ్లు దుబాయిలో చేసి వచ్చాడు. అక్కడ తీసుకున్నది ఆటోమేటిక్ లైసెన్సు. ఇక్కడికొచ్చి టెస్టు పాసైందీ ఆటోమేటిక్ కారులోనే.

ఒక పొద్దున కాంక్రీటు లారీకి దారి ఇవ్వాలని వాడి చేతిలో ఫ్లాట్‌డెక్ యూట్ తాళాలు పెట్టి "కొంచెం పైకి జరుపు తమ్మీ" అన్నాను. అది ఐదు గేర్ల మాన్యువల్. నీకు గేర్లు వచ్చా అని నేను అడగలేదు. ఫుల్ లైసెన్సు ఉందని తెలుసు, అంతే. వాడూ రాదని చెప్పలేదు. కొత్త దేశంలో, కొత్త పనిలో, సూపర్‌వైజర్ మొహం మీద "నాకు రాదన్నా" అని ఎవడంటాడు? నేను సౌదీలో దిగిన మొదటి నెల నాకు రాని పనులన్నిటికీ తల ఊపినవాణ్నే.

క్లచ్ వదిలాడు, బండి ఎగిరి ఆగిపోయింది. ఆగిపోయి వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఇంజన్ ఆగితే బ్రేకుకి ఇంజన్ ఇచ్చే సాయం కూడా ఆగుతుంది. రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఆ సంగతి తెలియనివాడు బ్రేకు ఫెయిలైందనుకుంటాడు. వెనక స్కాఫోల్డింగ్ ఉంది, దాని మీద ఇద్దరు మనుషులున్నారు. "హ్యాండ్ బ్రేకు గుంజు!" అని నేను అరిచిన అరుపుకి వీధి చివరి ముసలావిడ కూడా బయటికొచ్చింది. వాడు గుంజాడు. స్కాఫోల్డింగ్ కాలుకి జానెడు దూరంలో ఆగింది.

ఇలాంటివాటికి నియర్ మిస్ ఫారం నింపాలి. అందులో కారణం రాసే గడిలో తాళాలు ఇచ్చినవాడి పేరు రాశాను.

చట్టం ఏమంటుందంటే, న్యూజిలాండ్‌లో రిస్ట్రిక్టెడ్ లైసెన్సు టెస్టు ఆటోమేటిక్‌లో పాసైతే, పక్కన సూపర్‌వైజర్ లేకుండా మాన్యువల్ నడపకూడదు. ఫుల్ లైసెన్సు వచ్చాక ఆ అడ్డు పోతుంది. టెస్టు ఏ బండిలో ఇచ్చినా రెండూ నడపొచ్చు. దుబాయిలో అలా కాదు, కార్డు మీదే ఆటోమేటిక్ అని ఉంటుంది. బ్రిటన్‌లోనూ అంతే. కాబట్టి ఇక్కడ తాళాలు ఇచ్చేవాడు కార్డు చూస్తే సరిపోదు, నోరు తెరిచి అడగాలి.

ఇక అసలు గేర్లు ఎందుకు?

ఎద్దు నిలబడ్డ చోటి నుంచే లాగుతుంది. కరెంటు మోటారూ అంతే. పెట్రోలు, డీజిల్ ఇంజన్‌కి ఆ గుణం లేదు. నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరుగుతుంటేనే దానికి ప్రాణం, అంతకన్నా బాగా తగ్గితే చచ్చిపోతుంది. బలమంతా మధ్య చుట్లలో ఉంటుంది. కానీ బండి సున్నా నుంచి కదలాలి. ఈ రెండింటికీ రాజీ కుదిర్చేదే గేర్‌బాక్సు.

సైటులో చైన్ పుల్లీతో అర టన్ను బీమ్ లేపుతాం కదా. మీటరు గొలుసు లాగితే బీమ్ వేలెడు లేస్తుంది. చెయ్యి ఎక్కువ దూరం పోతుంది, బరువు కొంచెమే కదులుతుంది, కానీ కదులుతుంది. ఫస్టు గేరు అదే. నిజామాబాద్ ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చేసేటప్పుడు మా వర్క్‌షాపులో అడ్డంగా కోసిన గేర్‌బాక్సు ఒకటి స్టాండు మీద ఉండేది. ఒక చివర హ్యాండిల్, ఇంకో చివర సుద్దముక్కతో గీసిన గీత. సార్ హ్యాండిల్ తిప్పించి లెక్కపెట్టించేవారు. ఫస్టులో మూడున్నర చుట్లు తిప్పితే అవతల ఒక చుట్టు. టాప్‌లో ఒక చుట్టు కూడా నిండకముందే అవతల చుట్టు అయిపోయేది. దీని తర్వాత డిఫరెన్షియల్ దగ్గర ఇంకో నాలుగింతలు తగ్గుతుందనుకోండి. ఫస్టులో ఇంజన్ 14 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు, టాప్‌లో మూడు చుట్లకే ఒక చుట్టు. ఆ లెక్క నా వేళ్లకి ఇప్పటికీ గుర్తే.

క్లచ్ అంటే ఇంజన్‌కి, గేర్‌బాక్సుకి మధ్య పట్టు. పూర్తిగా తొక్కితే పట్టు పోతుంది, పూర్తిగా వదిలితే గట్టిగా పట్టుకుంటుంది. మధ్యలో ఒక అంగుళం జాగా, మనం హాఫ్ క్లచ్ అనేది, అందులో ప్లేటు జారుతూ జారుతూ పట్టుకుంటుంది. మాన్యువల్ డ్రైవింగ్ మొత్తం ఆ అంగుళంలో ఉంది. అలవాటుగా అక్కడే కాలు ఉంచితే ప్లేటు కాలి వాసన వస్తుంది. మా మేనమామ లారీకి అదీ చాలదు, డబుల్ క్లచ్ కొట్టాలి. గేరుకీ గేరుకీ మధ్య న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి వేయాలి, లేకపోతే పళ్లు గరగరమంటాయి. కొత్త బండ్లలో ఆ వేగాలు కలిపే పని లోపలి సింక్రోమెష్ రింగులు చేస్తాయి.

ఆటోమేటిక్ అని అందరూ ఒకే పేరుతో పిలుస్తారు గానీ లోపల చాలా రకాలు. పాత పద్ధతి టార్క్ కన్వర్టర్. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని తిప్పితే ఆ గాలికి రెండోది తిరుగుతుంది చూడండి, ఇక్కడ గాలి బదులు నూనె. అందుకే సిగ్నల్ దగ్గర గేరులో ఉన్నా ఇంజన్ ఆగదు, బ్రేకు వదిలితే బండి మెల్లగా పాకుతుంది. పెద్ద ఎత్తున అమ్మిన మొదటి పూర్తి ఆటోమేటిక్, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చిన హైడ్రా-మాటిక్. మనదేశంలో 2014లో మారుతి సెలెరియోలో వచ్చిన ఏఎంటీ వేరే జాతి. లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే కాలు, గేరు మార్చే చెయ్యి మాత్రం యంత్రానివి. సీవీటీ అంటే అసలు గేర్లే ఉండవు. రెండు పుల్లీలు, మధ్యలో బెల్టు, పుల్లీలు వెడల్పవుతూ ఇరుకవుతూ నిష్పత్తి మారుస్తాయి. ఊర్లో ఆక్టివా నడిపినవాళ్లంతా సీవీటీ నడిపినట్టే.

ఇక్కడ రోడ్డు మీద ఆటోమేటిక్‌లే ఎక్కువ ఎందుకంటే కార్లు చాలావరకు జపాన్ నుంచి వచ్చిన సెకండ్ హ్యాండువి. 1980ల చివర ఆ దిగుమతికి దారి తెరిచారు, 1998 కల్లా ఇక్కడ కార్లు బిగించే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. జపాన్‌వాళ్లు ఏది నడిపి వదిలేస్తే ఇక్కడ అదే దొరుకుతుంది. మన పిల్లలు కొనే టయోటా ఆక్వా కూడా అలా వచ్చిందే.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఎక్కడం గురించి అందరూ భయపడతారు, ప్రమాదం దిగడంలో ఉంది.

వెల్లింగ్టన్ నుంచి వైరరాపా వైపు పోవాలంటే రెముటాకా కొండ దాటాలి. శిఖరం 555 మీటర్లు. అక్కడి నుంచి ఫెదర్‌స్టన్‌కి దిగితే దాదాపు 500 మీటర్ల దిగుడు, అన్నీ మలుపులే. రెండు టన్నుల యూట్ అంత దిగితే ఎంత శక్తి బయటపడుతుందో లెక్క కట్టాను: 2.7 యూనిట్లు, కరెంటు మీటరు లెక్కలో. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె రెండు ముప్పావు గంటలు కాలినంత వేడి. గాలి, టైర్లు కొంత తింటాయి. మిగిలినదంతా కాలితో బ్రేకు తొక్కి ఆపితే నాలుగు చక్రాల దగ్గర కొద్ది నిమిషాల్లో పోగవుతుంది. ప్యాడ్లు కాలి పట్టు తగ్గుతుంది, నూనె మరిగితే పెడల్ నేలదాకా పోతుంది. మాన్యువల్‌వాడు శిఖరం దగ్గరే సెకండో థర్డో వేసుకుంటాడు. అప్పుడు చక్రాలు ఇంజన్‌ని తిప్పాల్సి వస్తుంది, ఆ బరువే బండిని పట్టి ఉంచుతుంది.

ఆటోమేటిక్‌లో కూడా ఇది ఉంది, వాడేవాళ్లే లేరు. గేరు రాడ్ దగ్గర L, 2, S, లేదా M అని ఉంటుంది. ఆక్వాలో B అని ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా నడుపుతూ ఆ B ఏంటో తెలియనివాళ్లు నాకు ముగ్గురు తెలుసు. D లో పెట్టి కొండ దిగొద్దు తమ్ముళ్లూ. మన డ్రైవర్ల ఇంకో అలవాటు, న్యూట్రల్‌లో జారుకుంటూ దిగితే పెట్రోలు మిగులుతుందని. ఇంజెక్షన్ బండిలో అది తలకిందులు లెక్క. గేరులో ఉండి ఎక్సలేటర్ వదిలితే పెట్రోలు పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజన్ తన ప్రాణం కోసం కొంచెం తాగుతూ ఉంటుంది.

ఈ కొండ దిగడం ఎంత కష్టమో ఇక్కడి రైలువాళ్లకి ముందే తెలుసు. 1878 నుంచి 1955 దాకా రైలు దీని మీద నుంచే పోయేది. 15 అడుగులకి ఒక అడుగు వాలు. పట్టాల మధ్య మూడో పట్టా వేసి, దాన్ని రెండు పక్కల నుంచీ చక్రాలతో కరుచుకొని ఎక్కే ఫెల్ ఇంజన్లు పెట్టారు. దిగేటప్పుడు అదే పట్టాను బ్రేకు దిమ్మలతో బిగించే ప్రత్యేకమైన వ్యాన్లు. అలాంటి ఇంజన్ ప్రపంచంలో ఒక్కటే మిగిలింది, ఫెదర్‌స్టన్ మ్యూజియంలో ఉంది. ఆదివారం ఖాళీ ఉంటే పోయి చూడండి.

పార్కింగ్ మాట కూడా చెప్పేస్తా. ఆటోమేటిక్‌లో P అంటే లోపల చిన్న ఇనుప గొళ్లెం పళ్ల మధ్య పడటం, అంతే. ఎత్తు మీద బండి బరువంతా దాని మీద వేయకూడదు. ముందు హ్యాండ్ బ్రేకు, తర్వాత P. మాన్యువల్ అయితే హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి దిగాలి. రెండిటికీ చక్రాలు ఫుట్‌పాత్ అంచు సాయంతో ఆగేలా తిప్పి ఉంచాలి.

తమ్ముడి దగ్గరికి వస్తా. ఆ రోజు తర్వాత ఐదు ఆదివారాలు వాణ్ని ఖాళీ కార్ పార్కుకి తీసుకుపోయాను. మొదటి ఆదివారం ఎక్సలేటర్ ముట్టనివ్వలేదు. సమతలం మీద క్లచ్ ఒక్కటే మెల్లగా లేపు, బండి తనంతట తాను పాకేదాకా. డీజిల్ బండి పాకుతుంది. ఇరవై సార్లు. రెండో వారం కళ్లు గేరు రాడ్ మీదికి పోకుండా ఇంజన్ చప్పుడు విని మార్చడం. మూడో వారం నుంచి ఎత్తు. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచు, క్లచ్ లేపు, ముందు భాగం కొంచెం పైకి లేచినట్టు అనిపిస్తుంది, చప్పుడు బరువెక్కుతుంది, అప్పుడు కొంచెం ఎక్సలేటర్ ఇచ్చి హ్యాండ్ బ్రేకు వదులు. నాలుగో వారం ఆ చప్పుడు మారడం వాడికి వినబడింది. "అన్నా, పట్టుకుంది" అన్నాడు. ఆ మాటలో ఉన్న సంతోషం ఆటోమేటిక్‌లో దొరకదు, నేను ఒప్పుకుంటా.

ఎందుకో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. గల్ఫులో పదకొండేళ్లు లేబర్ బస్సు కిటికీ పక్కన కూర్చున్నా. పొద్దున ఎక్కించుకుపోయేవారు, రాత్రి దింపేవారు. ఎటు పోవాలో, ఎప్పుడు ఆగాలో నా చేతిలో లేదు. ఇక్కడికొచ్చాక పాత మాన్యువల్ కరోలా కొంటే ఇంట్లో నవ్వారు. మా ఆవిడ ఆక్వాలో పోతుంది, వెల్లింగ్టన్ ట్రాఫిక్‌లో ఆమెదే తెలివి. నాకు మాత్రం థర్డులోంచి సెకండుకి దింపినప్పుడు ఇంజన్ గొంతు మారడం కావాలి. నేను అడిగాను, అది జవాబిచ్చింది.

కొనే ప్రశ్నకి నా జవాబు: ఇంటికి ఆటోమేటిక్ కొనండి. మాన్యువల్ వెతికినా పెద్దగా దొరకవు, ముందు ముందు ఇంకా దొరకవు. చాలా ఎలక్ట్రిక్ బండ్లలో అసలు మార్చడానికే గేర్లు లేవు, మోటారు ఎద్దులా సున్నా నుంచే లాగుతుంది కాబట్టి. కానీ సైటు పని చేసేవాళ్లు మాన్యువల్ నేర్చుకోండి. పాత యూట్‌లు, లారీలు ఇంకా చాలా ఉన్నాయి. ఎవరైనా తాళాలు ఇస్తే, రాకపోతే రాదని చెప్పండి. సూపర్‌వైజర్లు ఉంటే, అడగండి.

పోయిన ఆదివారం ఇద్దరం ఫెదర్‌స్టన్ పోయాం. కరోలా వాడే నడిపాడు. శిఖరం దాటి మొదటి మలుపు రాకముందే, నేను నోరు తెరవకముందే, సెకండ్‌కి దింపాడు. ఆ విషయం కింద టీ తాగేటప్పుడు చెప్పాను. "నువ్వు మాత్రం దారి పొడుగునా లేని బ్రేకు తొక్కుతనే ఉన్నవ్ అన్నా" అన్నాడు.