అమ్మ సగంలో వదిలిన లేసు

అమ్మ పోయాక పెట్టెలో సగం అల్లిన లేసు సూదితో సహా కనబడుతుంది. గోదావరి జిల్లాల నుండి పనికోసం భానూర్ వైపు వచ్చినవారికి నర్సాపురం లేసు తెలిసిందే. 19వ శతాబ్దంలో మిషనరీలు అక్కడి స్త్రీలకు నేర్పిన పని అది.

దానిని పూర్తి చేయాలా, అలాగే ఉంచాలా? రెండూ తప్పు కాదు. తొందరపడవద్దని మా సలహా.

మనసు కుదిరాక ముందు అదే సూదితో, అదే నంబరు దారంతో వేరే చిన్న ముక్క అల్లి చూడండి. మీ అల్లిక బిగువుగా వస్తే కొంచెం పెద్ద సూది, వదులుగా వస్తే చిన్న సూది వాడండి. అప్పటికీ తేడా కనబడితే అమ్మ అల్లినది విప్పకండి. ఆమె చేయి ఆగినచోటు తెలియడం లోపం కాదు.

పగటి వెలుతురులో కూర్చోండి. అరగంటకొకసారి కళ్ళకు, వేళ్ళకు విశ్రాంతినివ్వండి. ఏడుపు వస్తే పక్కన పెట్టి, మరొక రోజు తీయండి. దుఃఖం తగ్గుతూ, మళ్ళీ వస్తూ ఉండడం సహజమే.

అయితే ఆరు నెలలు దాటినా బాధ తగ్గక నిద్ర, తిండి, పని చెడితే డాక్టరును కలవండి. బ్రతకాలని లేదనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు. ఇంట్లోవారికి చెప్పండి, వెంటనే టెలి మానస్ 14416కు ఫోను చేయండి.